జంట కామెడీలో లీడ్ ఇచ్చేవాడికి, జోడీ విడిపోయాక పని ఉంటుందా?

ఒడిశాలోని గుణుపురం వైపు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. కాలేజీ స్టేజీ మీద మొదలెట్టి, కొన్నేళ్లుగా స్నేహితుడితో కలిసి మెలోడీ ప్రోగ్రాముల్లో (పాటల ఆర్కెస్ట్రాలు), అమ్మవారి పండగల్లో, తెలుగు సంఘాల సభల్లో పాటకీ పాటకీ మధ్య జంట కామెడీ చేస్తున్నారట. ఈయన ప్రశ్న అడిగి లీడ్ ఇచ్చేవాడు, అతను పంచ్ వేసి నవ్వించేవాడు. ఇప్పుడు అతను హైదరాబాద్ వెళ్లిపోతానంటున్నాడు. ప్రోగ్రాములు పెట్టించే కమిటీలేమో "ఇద్దరూ అయితేనే రండి" అంటున్నాయి. కోట–బాబూమోహన్‌లా జంటగా పేరొచ్చినవాళ్లు అన్నేళ్లు ఎలా నిలబడ్డారు, జోడీ పోతే తన గతేమిటి అన్నది ఆయన సందేహం.

సూటిగా చెప్పాలంటే: పని ఉంటుంది. నిజానికి మీ స్నేహితుడికన్నా మీకే ఎక్కువ ఉండొచ్చు. పంచ్ వేసే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతారు. సరిగ్గా లీడ్ ఇచ్చేవాడు మాత్రం జిల్లా మొత్తం వెతికినా ఒకరో ఇద్దరో. కాకపోతే రెండు షరతులు. జంటతో సంబంధం లేకుండా మీరొక్కరే చేయగల పని ఒకటి చేతిలో ఉండాలి. డబ్బు, పేరు, స్క్రిప్టు ఎవరివన్నది మాటలు బాగున్న రోజుల్లోనే కాగితం మీదికి ఎక్కాలి. రెండోది మన దగ్గర ఎవరూ చెయ్యరు, విడిపోయేటప్పుడు గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

మీరు పేరెత్తిన కోట శ్రీనివాసరావు గారి సంగతే చూడండి. ఆయన స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు ఆడారు. 1978లో 'ప్రాణం ఖరీదు'తో సినిమాల్లోకి వచ్చారు. 1985లో 'ప్రతిఘటన'లో కాశయ్య, 1987లో 'అహ నా పెళ్లంట'లో పిసినారి లక్ష్మీపతి. బాబూమోహన్‌తో జోడీ జనంలోకి బలంగా వెళ్లింది 1991లో వచ్చిన 'మామగారు'తో. అంటే మొదటి సినిమాకీ ఈ జంటకీ మధ్య పదమూడేళ్లుంది. అప్పటికే ఆయన విలన్‌గా, క్యారెక్టర్ నటుడిగా ఇండస్ట్రీకి కావలసినవాడు. జోడీ సినిమాలు వరసగా వస్తున్న రోజుల్లో కూడా విలన్ వేషాలు ఆపలేదు. జంట సినిమాలు తగ్గాక కూడా ఆయన పని తగ్గకపోవడానికి కారణం అదే. 2015లో పద్మశ్రీ వచ్చింది. 2025 జులై 13న చనిపోయేనాటికి ఆయన చేసిన సినిమాలు ఏడువందలు దాటాయి. అందులో బాబూమోహన్ ఉన్నవి ఒక భాగం మాత్రమే. జనానికి గుర్తున్నది ఆ భాగం ఎక్కువ కాబట్టి మనకి "జంట కమెడియన్" అనిపిస్తుంది.

బాబూమోహన్ గారిది రెవెన్యూ శాఖ ఉద్యోగం. కోట పక్కన 'అహ నా పెళ్లంట'లో అరగుండుగా వెలిగిన బ్రహ్మానందం గారు అత్తిలిలో తెలుగు లెక్చరర్. ముగ్గురికీ నెల జీతం ఉంది. తిండికి ఇబ్బంది లేనివాడు తనకి సరిపడని స్క్రిప్టుకి "వద్దు" అనగలడు, అలా అనగలిగినవాడి విలువ పడిపోదు. ఇంకో విశేషం. 1999 ఎన్నికల్లో కోట విజయవాడ తూర్పు నుంచి బీజేపీ తరఫున, బాబూమోహన్ అందోలు నుంచి తెలుగుదేశం తరఫున, ఇద్దరూ ఒకే అసెంబ్లీకి ఎమ్మెల్యేలుగా వెళ్లారు. తెర మీద ఒకరు తన్నితే ఒకరు పడ్డారు గానీ బయట ఎవరి దారి వారిదే. జంట నిలవాలంటే ఆ మాత్రం ఎడం ఉండాలి.

హాలీవుడ్ కామెడీ జంట లారెల్–హార్డీలదీ ఇదే వరస. 1927లో హాల్ రోచ్ స్టూడియోలో జోడీగా కుదిరేనాటికి స్టాన్ లారెల్ యాభైకి పైగా సినిమాల్లో, ఆలివర్ హార్డీ రెండువందల యాభైకి పైగా సినిమాల్లో విడివిడిగా చేసి ఉన్నారు. జోడీ కుదిరాక నేర్చుకున్నవాళ్లు కారు, నేర్చుకుని వచ్చి జోడీ కట్టినవాళ్లు. మీరిద్దరూ దీనికి తిరగబడిన కేసు. కాలేజీ స్టేజీ మీద జంటగానే మొదలై, జంటగానే నేర్చుకున్నారు. అందుకే భయం వేస్తోంది. ఆ భయం అర్థం లేనిదేం కాదు, కానీ దానికి మందుంది.

లీడ్ అంటే ఏం పని

ముందు మీ పని విలువ మీకే తెలియాలి. మన స్టేజీల మీద లీడ్ ఇచ్చేవాణ్ణి "పక్కన నిలబడేవాడు" అంటారు. చిన్నచూపు అది. ఈ చిన్న ముక్క చూడండి:

— ఏట్రా, నిన్న పనిలోకి రాలేదు?
— ఒంట్లో బాగోలేదు బాబూ.
— మరి ఆస్పత్రికెళ్లావా?
— ఎళ్లానండి. ఇయ్యాలే ఎళ్లాను.
— డాక్టరేటన్నాడు?
— తమరన్నట్టే అన్నాడు బాబూ. నిన్నెందుకు రాలేదన్నాడు.

నవ్వు పుట్టేది ఆఖరి మాటలో అయినా, దాన్ని మోసేది "డాక్టరేటన్నాడు?" అన్న ప్రశ్న. అది నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుండాలి. కొంచెం జాలి కూడా ధ్వనిస్తే ఇంకా మంచిది. అక్కడ లీడ్ ఇచ్చేవాడి పెదవి మీద చిరునవ్వు కనబడిందా, పంచ్ రాబోతోందని జనానికి ముందే తెలిసిపోతుంది. అదే ప్రశ్నని "మరి ఆ డాక్టరుగారు నిన్ను చూసి ఏటన్నాడు?" అని సాగదీసినా చచ్చిపోతుంది. మొదటి ప్రశ్న "నిన్న" అన్న మాటని జనం చెవిలో స్పష్టంగా వెయ్యకపోతే ఆఖర్లో "నిన్నెందుకు" అన్నది అందదు. వీటిలో ఏదీ పంచ్ వేసేవాడి చేతిలో లేదు.

నవ్వు వచ్చాక కూడా మీ పని అయిపోలేదు. వెంటనే తర్వాతి డైలాగ్ అందుకుంటే సగం జనానికి అది వినపడదు, తర్వాత జోకు ఎందుకు పేలలేదా అని తలపట్టుకుంటారు. నవ్వు ఎక్కి, సగానికి దిగేదాకా ఆగండి. పూర్తిగా ఆగిపోయేదాకా కాదు, అప్పుడు మళ్లీ మొదట్నుంచి వేడెక్కించాలి. ఆ ఆగే రెండు మూడు సెకన్లలో మీ ముఖం జనం వైపు తిప్పి ఊరికే చూడండి. హార్డీ సరిగ్గా ఇదే చేసేవాడు. పక్కవాడు కొంప ముంచాక నేరుగా కెమెరాలోకి చూసేవాడు, "చూశారుగా నా ఖర్మ" అన్నట్టు. ఒక్క పంచ్‌కి రెండు నవ్వులు, రెండోది పూర్తిగా లీడ్ ఇచ్చేవాడి సొంతం. కోట గారి ముఖంలో కోపం నెమ్మదిగా ఎక్కడం కూడా అలాంటిదే. బాబూమోహన్ ఏమన్నాడో గుర్తులేకపోయినా ఆ చూపు గుర్తుంటుంది.

జంటలో ఎవరు పై, ఎవరు కింద అన్నది మొదటి అర నిమిషంలో తేలిపోవాలి. యజమాని–పనివాడు, మామ–అల్లుడు, అప్పిచ్చినవాడు–ఎగ్గొట్టినవాడు, ఏదైనా సరే. స్కిట్ మధ్యలో ఈ వరస మారకూడదు. మార్చాలనుకుంటే ఆఖరి నిమిషంలో ఒక్కసారే మార్చాలి. కొత్త జంటల స్కిట్లు తేలిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఇద్దరికీ పంచ్‌లు కావాలని చెరిసగం పంచుకుంటారు, చివరికి ఇద్దరూ ఒకేలా మాట్లాడతారు. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు–బంగారక్క నాటి నుంచీ ఇద్దరి గొంతూ, నడకా వేరుగానే ఉన్నాయి. బుర్రకథలో కూడా కథకుడికి ఒక పక్క హాస్య వంత, ఇంకో పక్క రాజకీయ వంత. ఎవరి పని వారిది.

మీ ప్రాంతంలో దీనికి మంచి పాఠశాల దాసకాఠియా. గంజాం గడ్డ మీద పుట్టిన కళ. ఇద్దరే మనుషులు, చేతుల్లో చెక్క చిడతలు. గాయకుడు కథ నడుపుతాడు, అతని పక్కవాడైన పాలియా అందుకుంటాడు, అడ్డు ప్రశ్న వేస్తాడు. జనానికి అర్థం కానిది పాలియా అడిగేస్తాడు కాబట్టి కథ ఆగకుండా విడమరిచినట్టవుతుంది. ఒడియా పూర్తిగా రాకపోయినా ఒక రాత్రి కూర్చుని, కథ వదిలేసి పాలియా ఎప్పుడు నోరు విప్పుతున్నాడు, ఎప్పుడు ఊరుకుంటున్నాడు అన్నది మాత్రమే చూడండి. చైత్రంలో దండనాట అనే ఒడియా జానపద ఆట జరిగే ఊళ్లలో చఢెయా–చఢెయాణి (పిట్టలు పట్టేవాడూ, అతని పెళ్లామూ) ఘట్టం కూడా చూడదగ్గది. మొగుడూ పెళ్లాల తగువులో మాట కన్నా ఆట ముందు వెళ్తుంది.

రెండు భాషల జనం ముందు

రాయగడలో గానీ, బ్రహ్మపురంలో గానీ, పర్లాకిమిడిలో గానీ ముందు వరస తెలుగువాళ్లయితే వెనక వరస ఒడియావాళ్లు. స్కిట్ మొత్తం రెండు భాషల్లో రెండుసార్లు చెప్పడం పెద్ద తప్పు, టైమింగ్ నాశనం. లీడ్ ప్రశ్న మాత్రమే ఒడియాలో వెయ్యండి, జవాబు తెలుగులో రానివ్వండి. పై ముక్కలో "డాక్టర్ కణ కహిలే?" అని మీరు ఒడియాలో అడిగితే సంగతి ఒడియావాళ్లకి అందింది. అతను తెలుగులో పంచ్ వేస్తాడు. తెలుగువాళ్లు నవ్వుతారు. ఆ నవ్వు సగానికి దిగగానే మీరు నమ్మలేనట్టు "కాలి కాహింకి ఆసిలు నాహి?" (నిన్నెందుకు రాలేదు?) అని తిరిగి అంటారు. ఇప్పుడు ఒడియావాళ్లు నవ్వుతారు. అనువాదం చేసినట్టుండదు, ఆశ్చర్యపోయినట్టుంటుంది. ఈ పనికి రెండు భాషలూ నోట్లో ఆడేవాడు కావాలి. హైదరాబాద్ నుంచి ఎంత పెద్ద ఆర్టిస్టుని దింపినా ఇది చెయ్యలేడు. మీ ధర పెరిగేది ఇక్కడే.

ఒక హెచ్చరిక. పక్కవాడి యాసని వెక్కిరిస్తే సులువుగా నవ్వొస్తుంది, అంతే సులువుగా గొడవా వస్తుంది. మీ యాసని మీరే వాడుకుంటే ఎవరూ ఏమీ అనరు. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన కోట గారు తెలంగాణ యాసలో కాశయ్యని నిలబెట్టారు, పేరూ వచ్చింది. తెలంగాణ యాసంటే విలన్లకీ కమెడియన్లకేనా అన్న విమర్శ తెలుగు సినిమా మీద ఆ తర్వాత చాలా ఏళ్లు నడిచింది, అదీ న్యాయమైన విమర్శే.

దెబ్బలు, మైకులు

కోట–బాబూమోహన్ పద్ధతి తన్నులు స్టేజీ మీద పెడితే ఏం తేడా కొడుతుందో చెబుతాను. సినిమాలో కట్ చెయ్యొచ్చు, శబ్దం తర్వాత కలుపుకోవచ్చు. స్టేజీ మీద ఆ రెండూ లేవు.

చెంపదెబ్బకి: కొట్టేవాడి అరచెయ్యి ముఖానికి జానెడు దూరంలో, జనానికి అవతలి వైపు నుంచి పోవాలి. తినేవాడు తల తిప్పడం చెయ్యి దాటే క్షణంలోనే జరగాలి. ముందే తిప్పితే పిరికివాడిలా, ఆలస్యమైతే మొద్దులా కనిపిస్తాడు. శబ్దం కోసం నాటకాల్లో తినేవాడే రెండు చేతులూ చరుచుకుంటాడు. చేతిలో మైకు ఉన్నప్పుడు అది కుదరదు. మెలోడీ స్టేజీ మీద ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ వాయించే అతను ఉంటాడు కదా, శబ్దం ఆయన చేత ఇప్పించండి. సైగ మాట్లాడుకోవాలి: చెయ్యి పైకెత్తి అర సెకను ఆపడం సైగ, కిందికి రావడం దెబ్బ. ఆ అర సెకను ఆపకపోతే ప్యాడ్ ఆలస్యంగా పడుతుంది, ముఖం తిరిగిపోయాక "ఢామ్" అంటుంది. అదీ నవ్వే, కానీ మీరు కోరుకున్న నవ్వు కాదు. అందుకే కార్యక్రమం మొదలవకముందు ప్యాడ్ అతనితో నాలుగైదుసార్లు ఒట్టి చేతులతో చేసి చూసుకోండి. ఆయనకి టీ ఇప్పించడం కూడా రిహార్సల్లో భాగమే.

తన్నుకి పాదం పక్క భాగం వాడాలి, బొటనవేలు కాదు. తినేవాడు తానే ముందుకి ఎగరాలి, తన్ను అతన్ని తాకీ తాకనట్టు ఉండాలి. వెన్నెముక వైపు ఎప్పుడూ వద్దు. బల్లల మీద తివాచీ పరిచిన స్టేజీలే మన దగ్గర ఎక్కువ. బల్లల సందులో కాలు దిగడం, తివాచీ ముడత తట్టుకుని నిజంగానే పడిపోవడం మామూలు. ఎక్కడ పడాలో ముందే చూసుకుని అక్కడ మడత లేకుండా లాగించండి. పదినిమిషాల స్కిట్‌లో దెబ్బలు రెండు చాలు. మూడోదానికి పిల్లలు తప్ప ఎవరూ నవ్వరు.

మైకులు తప్పనిసరిగా రెండు ఉండాలి. ఒకే మైకు అటూ ఇటూ మార్చుకుంటూ కౌంటర్ వెయ్యడం అసాధ్యం. ప్రతి పంచ్ ముందూ ఒక చెయ్యి కదలడం జనానికి కనిపిస్తుంది. మైకు జనానికి అవతలి చేతిలో, గడ్డానికి కొంచెం కింద, నోటికి రెండు అంగుళాల దూరంలో ఉంచండి. ఎదురెదురుగా మరీ దగ్గరగా నిలబడితే ఒకరి గొంతు రెండు మైకుల్లోనూ పడి డొల్లగా వినిపిస్తుంది. ఇద్దరి మధ్య రెండడుగులు, ఇద్దరూ జనం వైపు సగం తిరిగి ఉండాలి. స్పీకర్ బాక్సుల ముందుకి వెళ్తే మైకులో కూత పుడుతుంది కాబట్టి జనంలోకి దిగే సీను ఉంటే సౌండ్ అతనికి ముందే చెప్పండి. బ్యాటరీలు కొత్తవి మీ సంచిలో ఉండాలి, వాళ్ల మీద ఆధారపడొద్దు.

టైము సంగతి. రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లకి చట్టం ఒప్పుకోదు. ఏడాదిలో 15 రోజులకి మించకుండా ప్రభుత్వం 12 దాకా సడలించే వీలుంది, ఆ రోజులు పండగ పండగకీ మారతాయి. కమిటీ "మీది 9.45కి" అంటే అది 10కి మొదలై మధ్యలో ఆగిపోతుందని అర్థం. పన్నెండు నిమిషాల స్కిట్‌కి ఎనిమిది నిమిషాల రూపం, అయిదు నిమిషాల రూపం కూడా తయారుగా ఉంచుకోవాలి. ఎక్కడ తెంచాలో నిర్ణయించేది కూడా లీడ్ ఇచ్చేవాడే.

డబ్బు, పేరు, స్క్రిప్టు

జంటలు విడిపోయేది నవ్వుల దగ్గర కాదు, లెక్కల దగ్గర. అమెరికాలో ఆబట్–కాస్టెలో అనే జంట ఉండేది. మొదట్లో నూటికి అరవై లీడ్ ఇచ్చే ఆబట్‌కి, నలభై నవ్వించే కాస్టెలోకి. మంచి లీడ్ దొరకడం కష్టమని అక్కడి స్టేజీల వాళ్లకి తెలుసు. సినిమాల్లో పేరు వచ్చాక కాస్టెలో ఆ లెక్కని తిరగేయించాడు, అరవై తనకీ నలభై ఆబట్‌కీ. ఆ కారం చివరిదాకా పోలేదు. 1957లో విడిపోయారు. లారెల్–హార్డీలకి ఇంకో తంటా. స్టూడియో ఇద్దరితో విడివిడిగా, వేర్వేరు తేదీల్లో ముగిసే ఒప్పందాలు రాయించుకుంది. ఒకడి గడువు తీరేసరికి ఇంకొకడు కట్టుబడి ఉండేవాడు. ఇద్దరూ కలిసి బేరం ఆడే అవకాశమే లేకుండా పోయింది. మన కమిటీలు ఇదే పని తెలియకుండానే చేస్తాయి. ఒకరికి ఫోన్ చేసి ఒప్పించి, రెండోవాడికి "మీవాడు ఒప్పుకున్నాడు" అంటాయి. బేరం ఎప్పుడూ ఒకే నోటితో జరగాలి, అడ్వాన్సు ఒకే ఖాతాలో పడాలి.

పంపకం ఇలా పెట్టుకుంటే గొడవ తక్కువ. ఉదాహరణకి ప్రోగ్రాముకి 12,000 అనుకోండి. బండి, భోజనం, మేకప్, బట్టల ఇస్త్రీ కలిపి 3,000 ముందు తియ్యండి. మిగిలిన 9,000లో 900 ఉమ్మడి నిధికి. ఇంకో 900 స్క్రిప్టు రాసినవాడికి, ఎవరు రాస్తే వాళ్లకి. మిగిలిన 7,200 చెరిసగం, 3,600 చొప్పున. నవ్వించినవాడికి ఎక్కువ, నిలబడినవాడికి తక్కువ అన్న మాట రానివ్వొద్దు. రాతకి వేరే వాటా ఎందుకంటే, లారెల్ కామెడీ అల్లడం, ఎడిటింగ్ దగ్గర కూర్చోవడం కూడా చేసేవాడు, అందుకే హార్డీకన్నా ఎక్కువ తీసుకునేవాడు. షూటింగ్ అవగానే హార్డీ గోల్ఫ్ ఆడుకోవడానికి వెళ్లిపోయేవాడు. పని తేడా కళ్ల ముందు ఉంది కాబట్టి ఇద్దరి మధ్యా దాని మీద తగువు రాలేదు. తేడా దేనికో తెలియనప్పుడే కడుపు మండుతుంది.

కాగితం మీద మూడు సంగతులు చాలు. జంట పేరు ఒక్కరే వాడుకోకూడదు. ఏ స్కిట్ ఎవరు రాశారో పేర్ల పట్టిక ఉండాలి, విడిపోయాక ఎవరి స్కిట్లు వాళ్లవి, కలిసి రాసినవి ఇద్దరివీ. ఒప్పుకున్న ప్రోగ్రాములు పూర్తయ్యేదాకా ఎవరూ వెళ్లకూడదు. స్టాంపు కాగితం లేకపోయినా ఫర్వాలేదు, తేదీ వేసి ఇద్దరూ సంతకాలు పెట్టి చెరొక నకలు ఉంచుకోండి. స్నేహితుల మధ్య కాగితమేమిటి అంటాడు. స్నేహం చెడకుండా ఉండేందుకే అనండి.

స్కిట్లు పాతబడటం గురించి కూడా. ఇదివరకు ఒక స్కిట్ చేతిలో ఉంటే ఊరూరా రెండు మూడేళ్లు నడిచేది. ఇప్పుడు మొదటి ఊళ్లోనే ఎవరో ఫోన్లో తీసి మొత్తం యూట్యూబ్‌లో పెడతారు. ఆపలేరు, పోట్లాడి లాభం లేదు. మీరే నిమిషం లోపు ముక్క ఒకటి ముందే పెట్టండి, అందులో ఆఖరి మలుపు లేకుండా చూసుకోండి. అయిదారు స్కిట్లు ఎప్పుడూ చేతిలో ఉండాలి. అదే ఊరికి మరుసటేడు వెళ్తే జనం అడిగే పాతది ఒకటి చేసి, మిగతావి కొత్తవి చెయ్యాలి. పాతది పూర్తిగా మానేస్తే అలుగుతారు.

ఇక మీ ఒక్కరి సంగతి

మీ స్నేహితుడు హైదరాబాద్ వెళ్లడం తప్పేం కాదు. కాకపోతే అక్కడ టీవీ కామెడీ షోల్లో టీములు ఉంటాయి, జంటలు కాదు. అయిదారుగురిలో ఒకడిగా మొదలవుతాడు. ఇన్నాళ్లూ అతని పంచ్‌లు పేలింది మీరు పరిచిన ప్రశ్నల మీద అని అక్కడ తెలుస్తుంది. అందుకే వెళ్లేముందు అతనికీ నాలుగు నిమిషాల ఒంటరి ఐటమ్ ఒకటి తయారు చెయ్యండి, ఆడిషన్‌కి పనికొస్తుంది. మీరూ ఇకమీదట ప్రతి ప్రోగ్రాములోనూ స్కిట్‌కి ముందు మూడు నాలుగు నిమిషాలు ఒక్కరే మాట్లాడండి. మొదట్లో జనం "రెండోవాడేడీ" అన్నట్టు చూస్తారు. ఆ చూపునే వాడుకోండి: "వస్తాడు, దారిలో ఉన్నాడు, బస్సు చార్జీ నేనే ఇవ్వాలంట" అని మొదలెడితే లేనివాడు కూడా మీకు జోడీగా పనిచేస్తాడు.

మీకు సరిపోయే పనుల్లో మొదటిది యాంకరింగ్. అడగడం, ఆగడం, ఎదుటివాడి మాట నిలబెట్టడం, రెండు భాషల మధ్య అటూ ఇటూ తిరగడం, ఇవన్నీ మీరు ఇప్పటికే చేస్తున్నారు. మెలోడీ ప్రోగ్రాముల్లో తెలుగు–ఒడియా రెండూ వచ్చిన యాంకర్ కొరత ఎప్పుడూ ఉంటుంది. గాయకుడికి గొంతు పట్టేసినా, కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు జనం లేచిపోకుండా నిలబెట్టినా ఆ యాంకర్‌ని కమిటీ మర్చిపోదు. రెండోది రాయడం. పంచ్ వేసేవాడు తన పంచ్ గురించే ఆలోచిస్తాడు, లీడ్ ఇచ్చేవాడికి స్కిట్ మొత్తం కనిపిస్తుంది. చుట్టుపక్కల కొత్త జంటలకి స్క్రిప్టులు రాసిపెట్టండి, ఊరికే మాత్రం ఇవ్వకండి.

మూడోది కొత్త జోడీ. ఇక్కడ అందరూ చేసే తప్పు పాతవాడిలాంటివాణ్ణే వెతకడం. అదే ఎత్తు, అదే గొంతు, అవే స్కిట్లు. జనం మొదటి నిమిషం నుంచీ పోల్చడం మొదలెడతారు, కొత్తవాడు ఎంత బాగా చేసినా నకలే. బ్రహ్మానందం గారు కోట పక్కన ఒకలా, ఆలీ పక్కన ఇంకోలా చేశారు కాబట్టే రెండు జోడీలూ నిలిచాయి. మీరు పొడుగు, అతను పొట్టి అయితే ఈసారి మీకన్నా పెద్ద వయసువాణ్ణి చూడండి. ఆడపిల్ల అయితే ఇంకా మంచిది, మన స్టేజీల మీద ఆడ వేషాలు మగవాళ్లు వేసి వేసి అరిగిపోయాయి. పరీక్ష చిన్నది: పాత స్కిట్ ఇవ్వకండి. అయిదు ప్రశ్నలు రాసిచ్చి జవాబులు తనకి తోచినవి చెప్పమనండి. జవాబులు బాగున్నాయా అని కాదు, మీ ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగాడా అని చూడండి. మాట మీద పడేవాణ్ణి ఎవరూ బాగుచెయ్యలేరు. ఆగడం వచ్చినవాడికి మిగతావి నేర్పొచ్చు. స్టేజీ ఎక్కించే ముందు చిన్న సభల్లో, సంఘం మీటింగుల్లో నాలుగైదుసార్లు చేయించండి. పాత జంట పేరు పోస్టర్ మీద వెయ్యొద్దు.

హార్డీ 1957లో పోయాక లారెల్ మళ్లీ స్టేజీ ఎక్కలేదు, ఇంట్లో కూర్చుని ఆ జంట కోసం స్కిట్లు మాత్రం రాసుకునేవాడంటారు. ఆయనకి అప్పటికి అరవై ఏడేళ్లు, పేరు ప్రపంచమంతా ఉంది. మీ వయసుకి ఆ దారి పనికిరాదు.

కమిటీలు "ఇద్దరూ అయితేనే" అంటున్నాయన్నారు. వాళ్లతో వాదించకండి. బ్రహ్మపురం ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి చైత్రంలో దాదాపు నెల నడుస్తుంది, అక్కడ వేషాలకీ నవ్వులకీ చోటెక్కువ. ఆ ఏడాది కాకపోతే రాయగడ మజ్జిగౌరి చైత్ర పండగ ఉంది, ఊళ్లలో దసరా పందిళ్లున్నాయి. ఒప్పుకున్నవి ఇద్దరూ పూర్తి చెయ్యండి. ఆ ప్రోగ్రాముల్లోనే మీరు యాంకరింగ్ కూడా చేస్తానని అడిగి, అదనంగా ఏమీ అడక్కుండా రెండు మూడు చోట్ల చేసి చూపించండి. మరుసటి సీజన్‌కి కమిటీ పెద్దలు ఫోన్ చేసేటప్పుడు అడిగే మాట మారుతుంది. రేటు అప్పుడు చెప్పండి, ఇప్పుడు కాదు.